తీర్థమలై సీమలో తెలుగు వలసలు: కల్లోలం, జ్ఞాపకం, గుర్తింపు

తమిళనాడులోని ధర్మపురి జిల్లాలో, హరూరు పట్టణానికి సుమారు 15 కిలోమీటర్ల దూరంలో ఉన్న తీర్థమలై, తీర్థగిరీశ్వరుడి ఆలయంతో, కొండ మీది నీటి ధారలతో తమిళ శైవ భక్తులకు తరతరాలుగా తెలిసిన క్షేత్రం. ఈ ఆలయంలో చోళుల కాలపు శాసనాలు ఉన్నాయి. తిరుప్పుగళ్ కర్త అరుణగిరినాథర్ ఈ క్షేత్రాన్ని కీర్తించాడు. కొండకు చేరువలో పారే తెన్‌పెణ్ణై నదిని తెలుగువారు దక్షిణ పినాకిని అంటారు. నంది కొండల ప్రాంతంలో పుట్టిన రెండు పినాకినుల్లో ఉత్తర పినాకిని, అంటే పెన్న, రాయలసీమను దాటి నెల్లూరు వైపు సాగితే, దక్షిణ పినాకిని హోసూరు, కృష్ణగిరి మీదుగా తీర్థమలై సీమకు దిగి, కడలూరు దగ్గర సముద్రంలో కలుస్తుంది. ఈ రెండో నది దిగివచ్చిన వైపే, మైసూరు పీఠభూమి నుంచి తమిళ మైదానాలకు, సైన్యాలూ పశువుల మందలూ రైతు కుటుంబాలూ శతాబ్దాల పాటు దిగివచ్చాయి. వారిలో తెలుగు మాట్లాడే వారు గణనీయంగా ఉన్నారు. హరూరు పక్కనే ఉన్న పాపిరెడ్డిపట్టి వంటి ఊరి పేర్లలో ఆ రాక నేటికీ వినిపిస్తుంది.

రాజ్యాలు కూలి, పాత కట్టుబాట్లు చెదిరిన కాలంలో సొంత సీమను విడిచి వచ్చిన మనిషి, కొత్త చోట తనను తాను ఎవరని చెప్పుకుంటాడన్న ప్రశ్నకు తీర్థమలై పరిసరాల చరిత్ర విలువైన జవాబునిస్తుంది. ఇక్కడి తెలుగువారి గుర్తింపు మూడు చోట్ల తయారైంది: వలసకు కారణంగా ఇంట్లో చెప్పుకున్న కథలో, చుట్టుపక్కల వారు పిలిచిన పేరులో, ప్రభుత్వం రాసుకున్న లెక్కలో. ఈ మూడూ ఎన్నడూ పూర్తిగా ఏకీభవించలేదు. వాటి మధ్య ఉన్న ఎడమే ఇక్కడి తెలుగు జీవితానికి ప్రత్యేకమైన రూపాన్నిచ్చింది.

కూలిన రాజ్యాలు, కదిలిన జనం

ధర్మపురికి పాత పేరు తగడూరు. సంగమ సాహిత్యంలో కనిపించే అదియమాన్ వంశీయులు దీన్ని ఏలారు. తరువాత కన్నడ సీమకు చెందిన నొళంబులు, ఆపైన చోళులు ఈ ప్రాంతం మీద అధికారం చెలాయించారు. పశువుల మందల కోసం జరిగిన పోరాటాల్లో చనిపోయిన వీరులకు నిలిపిన నడుకల్లు, అంటే వీరగల్లులు, ఈ జిల్లాలో ఇప్పటికీ కనిపిస్తాయి. తెలుగు కుటుంబాలు వచ్చేనాటికే ఇది తమిళ, కన్నడ భాషలు కలిసిన సరిహద్దు సీమ అని ఈ పాలకుల వరుసను బట్టి తెలుస్తుంది. ఒకే భాష, ఒకే రాజ్యం ఉన్న నేల మీదికి బయటివారు వచ్చిపడ్డారన్న ఊహ ఈ సీమ విషయంలో నిలవదు.

తెలుగువారి రాక ఒక్కసారిగా జరిగింది కాదు. 1323లో ఓరుగల్లు పతనమై కాకతీయ రాజ్యం అంతరించాక యోధ కుటుంబాలు కొత్త ప్రభువులను వెతుక్కుంటూ దక్షిణానికి కదిలాయి. 14వ శతాబ్ది ద్వితీయార్ధంలో బుక్కరాయల కుమారుడు కుమార కంపన ముళబాగిలు నుంచి బయలుదేరి శంబువరాయలను, ఆ తరువాత మధుర సుల్తానులను ఓడించడంతో విజయనగర అధికారం తమిళ దేశంలోకి విస్తరించింది. ఆ అధికారంతో పాటు తెలుగు, కన్నడ సేనానాయకులు, వారి వెంట పరివారం వచ్చాయి. యుద్ధానికి సైన్యాన్ని సమకూర్చే షరతు మీద ఒక సీమ ఆదాయాన్ని నాయకుడికి అప్పగించే పద్ధతిని నాయంకరం అనేవారు. ఆ పద్ధతి కింద భూమి పొందిన వారు తమ బంధువులను, చేతివృత్తుల వారిని, చెరువులు తవ్వే ఒడ్డెవారిని, చేనేత పనివారిని పిలిపించుకుని స్థిరపడ్డారు. అడవి నరికి, కట్టలు పోసి, మెట్టభూములను సాగులోకి తెచ్చిన శ్రమలో వీరందరికీ పాలు ఉంది.

1565 జనవరిలో తళ్ళికోట యుద్ధంగా పేరుపడిన పోరులో విజయనగరం ఓడిపోవడం అన్నిటికన్నా పెద్ద కుదుపు. రాజధాని మొదట పెనుకొండకు, తరువాత చంద్రగిరికి, వేలూరుకు మారింది. రాజధాని కదిలిన ప్రతిసారీ దాన్ని నమ్ముకుని బతికిన కుటుంబాలు కదిలాయి. పెనుకొండ రక్షణలో పేరుపొందిన జగదేవరాయలకు కన్నడ సీమలోని చన్నపట్నంతో పాటు బారామహల్ సీమ దక్కింది. బారామహల్ అంటే నేటి కృష్ణగిరి, ధర్మపురి ప్రాంతాలతో కూడిన పాత సేలం జిల్లా ఉత్తర భాగం. పన్నెండు కోటల సీమ కాబట్టి ఆ పేరు వచ్చిందని ప్రచారంలో ఉంది. జగదేవి అన్న స్థలనామం ఆయన ఏలుబడికి గుర్తు. 1630లో మైసూరు రాజు చన్నపట్నాన్ని గెలుచుకోవడంతో ఆ వంశం అధికారం ముగిసింది. తరువాత బిజాపూరు, మైసూరు, మరాఠా సేనలు, చివరకు హైదరాలీ, టిప్పు సుల్తాను, ఈస్టిండియా కంపెనీ ఈ సీమ కోసం పోరాడాయి. అధికారం కోసం వచ్చిన తెలుగు కుటుంబాలు మూడు నాలుగు తరాలు గడిచేసరికి అధికారం లేని రైతులుగా, నేతగాళ్లుగా, వర్తకులుగా మిగిలాయి. గుర్తింపు గురించిన ప్రశ్న వారికి నిజంగా బరువెక్కింది అప్పుడే.

వలసకు చెప్పుకున్న కారణం

తమిళ దేశపు తెలుగు కులాల్లో చాలావాటికి ఒక వలసగాథ ఉంది. ఎడ్గార్ థర్‌స్టన్, కె. రంగాచారి 1909లో ప్రచురించిన దక్షిణ భారత కులాలు, తెగల సంపుటాల్లో కంబళత్తు నాయకులు లేదా తొట్టియర్లు అనే తెలుగు సమూహం చెప్పుకున్న కథ నమోదైంది. తమ ఆడపిల్లను ముస్లిం పాలకుడు కోరడంతో వారు రాత్రికి రాత్రి ఊరు విడిచి దక్షిణానికి పారిపోయారు. దారిలో పొంగి పారుతున్న నది అడ్డొచ్చినప్పుడు రెండు ఒడ్ల మీది కానుగ చెట్లు వంగి ఒకదానితో ఒకటి కలిసి వంతెనగా నిలిచాయి. అందుకే ఆ చెట్టును వారు పూజ్యంగా చూస్తారు. వారి కులపంచాయతీలో నేల మీద కంబళి పరిచి, దాని మీద నీళ్లు పోసి వేపాకులు ఉంచిన కలశం పెడతారనీ, కంబళం అన్న పేరు ఆ ఆచారం నుంచే వచ్చిందనీ అదే గ్రంథం చెబుతుంది. జక్కమ్మ వారి ఆరాధ్య దేవత. ఈ సమూహం మధుర, తిరునెల్వేలి వైపు ఎక్కువగా ఉన్నా, సేలం, కొంగునాడు ప్రాంతాల్లోనూ ఉంది.

కోమట్లు చెప్పుకునే కన్యకాపరమేశ్వరి కథకూ ఇదే చట్రం: రాజు వాసవిని కోరడం, గోదావరి సీమలోని పెనుగొండలో నూటరెండు గోత్రాల వారు ఆమెతో పాటు అగ్నిప్రవేశం చేయడం, మిగిలిన వారు చెదిరిపోయి దేశమంతటా స్థిరపడడం. వాసవి కథలోని రాజు ముస్లిం కాదు, విష్ణువర్ధనుడు. పాలకుడి మతం మారినా కథలోని మూలబిందువు మారకపోవడం గమనించదగినది. ఇంటి ఆడపిల్లను కాపాడుకోలేని చోట ఉండకూడదన్న నిర్ణయమే ఆ మూలబిందువు.

ఇటువంటి కథలను జరిగింది జరిగినట్టు చెప్పే చరిత్రగా తీసుకోవడం కుదరదు. విజయనగర సైన్యంలో ముస్లిం సైనికులు ఉన్నారు, సుల్తానుల కొలువుల్లో తెలుగు నాయకులు ఉన్నారు. దక్షిణానికి వచ్చిన తెలుగువారిలో చాలామంది గెలిచిన సైన్యం వెంట, సాగుకు అనువైన నేల కోసం, నేత గుడ్డకు గిరాకీ ఉన్న పట్టణాల కోసం వచ్చినవారు. అయినా వారి వంశాలు విజయయాత్రను మరచి పలాయనాన్ని గుర్తుంచుకున్నాయి. రాజ్యం చేతిలో ఉన్నంతకాలం గెలుపు కథ పనికొస్తుంది. రాజ్యం పోయి, ఇరుగుపొరుగుతో సర్దుకుని బతకవలసిన రోజుల్లో, పరువు కోసం సర్వం వదులుకున్నామన్న కథే మనిషిని నిలబెడుతుంది. ఆక్రమించడానికి వచ్చినవారు కాదని ఆ కథ పొరుగువారికి చెబుతుంది, తక్కువవారు కాదని సొంత పిల్లలకు చెబుతుంది. పైగా పిల్లను ఎవరికి ఇవ్వాలి, ఎవరికి ఇవ్వకూడదు అన్న నియమానికి అది పునాదిగా పనిచేస్తుంది. ఆ నియమం భారాన్ని తరతరాలుగా మోసింది స్త్రీలే అన్నది కూడా ఇక్కడ చెప్పుకోవాలి. కులగౌరవం ఆడపిల్ల శరీరంతో ముడిపడిన కథలో ఆమె ఇష్టానికి చోటు లేదు, ఆ లోటు కథతో పాటే సంక్రమించింది.

ఈ జ్ఞాపకానికి ఆధునిక సాహిత్యంలో గొప్ప రూపమిచ్చినవాడు కోవిల్‌పట్టి దగ్గరి ఇడైసెవల్ గ్రామానికి చెందిన కి. రాజనారాయణన్. తెలుగు కమ్మ కుటుంబంలో పుట్టి తమిళంలో రాసిన ఆయన, 1976లో వెలువడిన ‘గోపల్ల గ్రామం’ నవలలో తెలుగు కుటుంబాల వలసను, కొత్త ఊరు కట్టుకున్న తీరును చిత్రించాడు. దాని కొనసాగింపైన ‘గోపల్లపురత్తు మక్కళ్’కు 1991లో సాహిత్య అకాడమీ పురస్కారం లభించింది. తెలుగువారి వలస జ్ఞాపకం తమిళ సాహిత్యపు సొత్తు కావడమే ఈ సమూహాల స్థితిని చక్కగా వివరిస్తుంది: వారి ఇంటి కథ చెప్పడానికి వారికి అందిన భాష తమిళం, ఆ భాషలో వారు పరాయివారిగా మిగలలేదు.

ఇంటి లోపల నిలిచినవి

భాష ఒక్కటే గుర్తింపును మోయలేదు. తీర్థమలై ప్రాంతం వంటి చోట తెలుగు లిపి నేర్పే బడి అందుబాటులో లేనప్పుడు తెలుగు మాట్లాడే మాటగానే మిగులుతుంది, అదీ తమిళ పదాలతో కలగలిసిపోతుంది. అయినా ఆంధ్ర, తెలంగాణల్లో అచ్చు భాష ప్రభావంతో మరుగునపడిన పాత మాటలూ నుడికారాలూ ఇటువంటి ఇళ్లలో బతికి ఉన్నాయి. హోసూరు, కృష్ణగిరి ప్రాంతాల తెలుగు రచయితలు ఇటీవలి దశాబ్దాల్లో ఆ మాండలికాన్నే కథా రచనకు వాడుతూ దాని సత్తాను నిరూపించారు.

భాష పలచబడిన చోట ఇంటిపేరు గట్టిగా నిలిచింది. తమిళనాడులో వ్యక్తి పేరుకు ముందు తండ్రి పేరులోని మొదటి అక్షరం చేర్చుకోవడమే ఆనవాయితీ కనుక, బడి రికార్డులోనూ రేషన్ కార్డులోనూ తెలుగు ఇంటిపేరుకు చోటు ఉండదు. బయట అది ఎవరికీ తెలియదు. సంబంధం మాట్లాడే రోజున మాత్రం పెద్దలు ముందుగా అడిగేది దాన్నే. ఇంటిపేరు ఒకటైతే ఇరువైపులా అన్నదమ్ముల వరస అవుతుంది, పెళ్లి కుదరదు. తెలుగులో ఒక వాక్యం రాయలేని యువకుడు కూడా తన ఇంటిపేరును, ఇంటి దేవతను చెప్పగలగడానికి కారణం ఇదే. ఏటా ఒకసారో, ఇంట్లో శుభకార్యం ముందో కులదేవతకు మొక్కు చెల్లించే ఆచారం, చెదిరిన దాయాదులను ఒకచోట చేర్చి, ఎవరు ఎవరికి ఏమవుతారో పిల్లలకు నేర్పే సందర్భంగా కూడా ఉపయోగపడింది.

అదే సమయంలో ఈ సీమ దేవుళ్లు వారి దేవుళ్లయ్యారు. రావణవధ తరువాత శివపూజకు నిలిచిన రాముడు, గంగాజలం తేవలసిన హనుమంతుడు ఆలస్యం చేయడంతో, బాణం వేసి తీర్థమలై మీద నీటిని రప్పించాడనీ, ఆలస్యంగా చేరిన హనుమంతుడు విసిరిన పాత్ర పడిన చోట నది ఒడ్డున హనుమంతతీర్థం ఏర్పడిందనీ స్థలపురాణం. రామభక్తి బలంగా ఉన్న తెలుగు కుటుంబాలకు ఈ శివక్షేత్రంలో పరాయితనం కనిపించే అవకాశం తక్కువ. ఇంటి దేవత పాత సీమను గుర్తుచేస్తే కొండ దేవుడు కొత్త సీమకు కట్టివేశాడు, ఒక మొక్కు మరొక మొక్కుకు అడ్డురాలేదు.

పొరుగువారి పిలుపు, ప్రభుత్వపు లెక్క

తమిళులు ఉత్తరం నుంచి వచ్చిన తెలుగువారిని వడుగర్ అన్నారు, ఆంగ్లేయులు జెంటూలు అన్నారు. సొంత సీమలో ఎవరికి వారు ఫలానా ఊరివారు, ఫలానా కులంవారు. భాష పేరుతో ఒక్కటిగా చూసే అవసరం అక్కడ లేదు. తమిళ దేశంలో కమ్మ, బలిజ, వెలమ వంటి వేర్వేరు కులాలవారు నాయుడు అనే ఒకే బిరుదు కింద కనిపించడం, రెడ్డి రెడ్డియారై, శెట్టి చెట్టియారై తమిళ మర్యాదా ప్రత్యయంతో స్థిరపడడం, ఈ కొత్త చూపు ఫలితాలు. తెలుగువాడినన్న స్పృహ చాలామందికి తెలుగు దేశం దాటాకే కలిగిందని చెప్పడం అతిశయోక్తి కాదు.

1792 మార్చిలో శ్రీరంగపట్నం ఒడంబడిక ప్రకారం టిప్పు సుల్తాను బారామహల్‌ను కంపెనీకి అప్పగించాక, కెప్టెన్ అలెగ్జాండర్ రీడ్ నాయకత్వంలో ఇక్కడ భూముల సర్వే మొదలైంది. ఆయన సహాయకుల్లో ఒకడైన థామస్ మన్రో 1799 వరకు ఈ సీమలో, ముఖ్యంగా ధర్మపురిలో పనిచేశాడు. మధ్యవర్తులు లేకుండా ప్రభుత్వం ప్రతి రైతుతో నేరుగా శిస్తు కుదుర్చుకునే రైత్వారీ పద్ధతి ఇక్కడే రూపుదిద్దుకుంది. తరువాత దత్తమండలాల కలెక్టరుగా రాయలసీమకు వెళ్లిన మన్రో అక్కడ అమలుచేసింది బారామహల్‌లో నేర్చిన పాఠాన్నే. పాళెగాడి మనిషిగా, ఫలానా నాయకుడి పరివారంగా చెప్పుకున్న కుటుంబం ఈ సర్వేతో ప్రభుత్వ లెక్కలో పట్టాదారు అయింది. వలస వచ్చినవాడా, ముందునుంచీ ఉన్నవాడా అన్న తేడా ఆ లెక్కకు అక్కర్లేదు. శిస్తు కట్టేవాడే రైతు. నేల మీద హక్కు కాగితం మీదికి ఎక్కడం ఈ కుటుంబాల స్థానికతకు బలమైన ఆధారమైంది.

జనాభా లెక్కలు మరొక విధంగా పనిచేశాయి. కులాన్నీ మాతృభాషనూ ఒక్కొక్క గడిలో నింపమన్న ఆ లెక్కలు, రెండు భాషల్లో బతికే ఇంటిని ఒక భాష ఎంచుకోమన్నాయి. ఈలోగా 1876–78 నాటి మహాక్షామం సేలం జిల్లాను తీవ్రంగా దెబ్బతీసింది. 1871, 1881 లెక్కల మధ్య జిల్లా జనాభా బాగా తగ్గింది. ఒకప్పుడు ఆశ్రయమిచ్చిన సీమే తన బిడ్డలను పోషించలేని స్థితికి వచ్చింది.

ఎవరి కథ ఎవరిది

వలసగాథ అందరికీ ఒకే విధంగా ఉపయోగపడలేదు. తెలుగు మాట్లాడే అరుంధతీయుల స్థితి ఇందుకు ముఖ్యమైన ఉదాహరణ. తోలుతో మోటబొక్కెనలు, చెప్పులు, జీనులు తయారుచేసిన ఈ దళిత సమూహం విజయనగర, నాయకరాజుల సేనలతో వచ్చిందని ఒక అభిప్రాయం. వారు ఈ నేలవారేననీ, నాయకరాజుల కాలంలో ప్రభువుల భాషను అలవరచుకున్నారనీ మరొక అభిప్రాయం. కొన్ని సంఘాలు తమను ఆదితమిళులుగా ప్రకటించుకున్నాయి. అగ్రకుల తెలుగు కుటుంబానికి వలసకథ గౌరవాన్ని తెస్తే, దళిత కుటుంబానికి అదే కథ బయటివారన్న నిందకు తావిచ్చింది. అంటరానితనం మోసినవారిపై పరాయితనం కూడా మోపడం అన్యాయం. షెడ్యూల్డ్ కులాల కోటాలో అరుంధతీయులకు 3 శాతం ప్రత్యేకించే చట్టాన్ని తమిళనాడు 2009లో చేసింది. ఉపవర్గీకరణ చెల్లుతుందని 2024 ఆగస్టు 1న సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తీర్పు చెప్పింది. వారి హక్కుకు ఆధారం అనుభవించిన వెనుకబాటు అన్నదే అక్కడ గుర్తింపు పొందింది, ముత్తాతల ఊరు ఏదన్న వాదనతో దానికి పనిలేదు.

తీర్థమలై చుట్టుపక్కల వలసకథ తెలుగువారి సొత్తు మాత్రమే కాదు. సిత్తేరి, కల్రాయన్ కొండల మీద ఉండే మలయాళీ గిరిజనులు, కేరళతో సంబంధం లేనివారు, తమ పూర్వీకులు కంచి నుంచి వచ్చారని చెబుతారు. పెరియణ్ణన్, నడువణ్ణన్, చిన్నణ్ణన్ అనే ముగ్గురు అన్నదమ్ములు వేర్వేరు కొండలెక్కారన్న వారి కథను థర్‌స్టన్ నమోదు చేశాడు. ఆ కొండల నడుమ సిట్లింగి లోయలో లంబాడీలు ఉన్నారు. మైసూరు యుద్ధాల్లో ఎద్దుల బిడారులతో సైన్యాలకు ధాన్యం చేరవేసిన బంజారాల వారసులే దక్షిణాదిలోని లంబాడీలు. దాదాపు మరుగునపడిన తమ కుట్టుపనిని అక్కడి లంబాడీ స్త్రీలు ‘పోర్గై’ అనే సంఘంగా ఏర్పడి తిరిగి నిలబెట్టుకున్నారు. తమిళ గిరిజనుడు, తెలుగు రైతు, లంబాడీ స్త్రీ ముగ్గురూ తాము మరొక చోటి నుంచి వచ్చామని చెప్పుకునే సీమలో, ఫలానావారే మూలవాసులు, తక్కినవారు అతిథులు అన్న విభజనకు చరిత్ర అండగా నిలవదు.

ఐరోపా చరిత్రలోనూ ఇటువంటి ఉదాహరణ ఉంది. 1685లో ఫ్రాన్సు రాజు ప్రొటెస్టంట్లకు మతస్వేచ్ఛ ఇచ్చిన శాసనాన్ని రద్దుచేయడంతో, హ్యూగెనాట్లు అనే ఆ మతస్థులు వేల సంఖ్యలో పారిపోయారు. బ్రాండెన్‌బర్గ్ పాలకుడు వారికి భూములు, ప్రత్యేక హక్కులు ఇచ్చి ఆహ్వానించాడు. బెర్లిన్‌లో వారు తరాల పాటు ఫ్రెంచిలో ఆరాధన సాగించి, క్రమంగా జర్మన్ భాషలోకి మారి, ఇంటిపేర్లను మాత్రం నిలుపుకున్నారు. ప్రభువు ఇచ్చిన భూమి, ఇంట్లో నిలిచిన పేరు, భాష క్రమంగా మారడం అన్న వరుస బారామహల్‌లోనూ కనిపిస్తుంది. భాష మారినంత మాత్రాన వంశస్మృతి చెరిగిపోదనీ, స్మృతి నిలిచినంత మాత్రాన కొత్త దేశం మీద మమకారం తగ్గదనీ రెండు చరిత్రలూ ఒకే మాట చెబుతున్నాయి.

సరిహద్దులు గీసిన తరువాత

1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం, 1956లో భాషాప్రయుక్త రాష్ట్రాలు ఏర్పడ్డాక, ఎక్కడికీ కదలని కుటుంబాలు కూడా అల్పసంఖ్యాకులయ్యాయి. తిరుత్తణి వంటి ప్రాంతాల మార్పిడితో 1960లో ఆంధ్రప్రదేశ్, మద్రాసు రాష్ట్రాల సరిహద్దు సవరణ జరిగింది. సేలం జిల్లా నుంచి 1965 అక్టోబరు 2న ధర్మపురి, దాని నుంచి 2004లో కృష్ణగిరి వేరు జిల్లాలయ్యాయి. తెలుగు బడులు, తెలుగు రచయితలు ఎక్కువగా ఉన్న హోసూరు ప్రాంతం కృష్ణగిరి జిల్లాలోకి వెళ్లడంతో, ధర్మపురి జిల్లాలో మిగిలిన హరూరు, తీర్థమలై వైపు తెలుగువారికి ఆ అండ మరింత దూరమైంది.

ప్రాథమిక స్థాయిలో మాతృభాషలో బోధనకు సౌకర్యాలు కల్పించాలని రాజ్యాంగంలోని 350ఎ అధికరణం రాష్ట్రాలకు చెబుతుంది. తమిళనాడు 2006లో చేసిన చట్టం పాఠశాలల్లో తమిళాన్ని దశలవారీగా తప్పనిసరి భాషను చేసింది. పదో తరగతి పరీక్షలో మినహాయింపు కోసం భాషా అల్పసంఖ్యాకుల విద్యాసంస్థలు న్యాయస్థానాలను ఆశ్రయించవలసి వచ్చింది. రాష్ట్ర భాషను ప్రతి బిడ్డా నేర్చుకోవాలన్న కోరిక సమంజసమైనదే. ఇంటి భాష చదవడం రాయడం నేర్చుకోవాలన్న బిడ్డ హక్కు కూడా అంతే సమంజసమైనది. 2011 జనాభా లెక్కల ప్రకారం తమిళనాడులో తెలుగు మాతృభాషగా చెప్పినవారు సుమారు 42 లక్షల మంది, జనాభాలో దాదాపు 6 శాతం. ఇంట్లో తెలుగు మాట్లాడుతూ లెక్కల్లో తమిళం అని చెప్పినవారు ఈ సంఖ్యలోకి రారు.

ధర్మపురి యువత నేడు పని కోసం బెంగళూరుకూ తిరుప్పూరుకూ వెళుతున్నారు. బెంగళూరులో ఆంధ్ర నుంచి వచ్చిన తెలుగువారి దృష్టిలో వీరు తమిళులు, తమిళుల దృష్టిలో తెలుగువారు. పూర్వీకులు రాజ్యాల పతనంలో ఎదుర్కొన్న ప్రశ్ననే వారసులు పనివెతుకులాటలో మళ్లీ ఎదుర్కొంటున్నారు. వారికి చరిత్ర ఇవ్వగల సమాధానం స్పష్టమైనదే: నాలుగైదు వందల ఏళ్లుగా దున్నిన నేల, తవ్విన చెరువు, మొక్కిన కొండ వారిని ఈ సీమ మనుషులను చేశాయి, ఇంటిపేరు, కులదేవత, ఇంటి మాట వారిని తెలుగువారిగా ఉంచాయి. వీటిలో ఒకదాన్ని రుజువు చేసుకోవడానికి రెండోదాన్ని వదులుకోమని అడిగే అధికారం ఏ రాష్ట్రానికీ, ఏ రాజకీయానికీ లేదు. తెలుగు విశ్వవిద్యాలయాలు, చరిత్ర పరిశోధకులు చేయవలసిన పని కూడా ఒకటుంది. హరూరు, పాపిరెడ్డిపట్టి ప్రాంతాల్లో పెద్దల నోట ఉన్న ఇంటిపేర్లను, వలసకథలను, అరుంధతీయుల కథనాలతో, స్త్రీలు చెప్పే కథనాలతో సహా, ఆ తరం ఉండగానే సేకరించాలి. రాజుల చరిత్రకు శాసనాలు ఉన్నాయి. రాజ్యం పోయాక బతికినవారి చరిత్రకు వారి మాటే శాసనం.